ముందు మెట్ల మీద

డోర్కస్ అవ్వ బుట్టల్ని కాపలావాడు బూటుకాలితో తన్నడం ఆర్లీతా మేడమీది వరండాలోంచి కళ్ళారా చూసింది.

అప్పటికి ఆమె తివాచీ దులుపుతోంది. కింద బార్తలోమ్యూ వీధి మొగలో, రోజూ కూర్చునే చోటే అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో సగం కుట్టిన బుట్ట, చుట్టూ బుట్టలు కుట్టే తీపిగడ్డి కట్టలు, దారంలా సన్నగా చీల్చిన ఆకులు. ఎనభై దాటిన నల్లజాతి మనిషి. ఆ మూలన ఆమె తల్లి కూర్చుంది, తల్లికి తల్లీ కూర్చుంది. అమెరికా దక్షిణాన ఉన్న ఈ చార్లెస్టన్ ఊళ్ళో దొరల ఇళ్ళు ఎంత పాతవో ఆ మూలన బుట్టలు కుట్టే చేతులూ అంత పాతవి.

కాపలావాడు పాత ఇళ్ళ పరిరక్షణ సమితి మనిషి. చంకలో అట్టపెట్టె ఉంది. అందులోంచి ఎర్రగళ్ళ గుడ్డ తీసి అవ్వ ముఖం ముందు ఆడించాడు.

"ఇది తలకి కట్టుకో. ఈ పావడా తొడుక్కో. కట్టుకుంటే కూచో. లేదంటే లేచి వెళ్ళిపో."

"నా టోపీకేం వచ్చింది?" అంది అవ్వ, కుడుతున్న చెయ్యి ఆపకుండా.

"వసంతోత్సవం వస్తోంది. ఉత్తరాది నుంచి జనం ఇళ్ళు చూడ్డానికి వస్తారు. గీత లోపల పనిచేసేవాళ్ళంతా పాతకాలం బట్టల్లోనే ఉండాలి. సమితి రూలు."

"పాతకాలమంటే ఏ కాలం నాయనా?"

జవాబు వాడికి తెలుసు. నోటికి బదులు కాలు లేచింది. బుట్టలు దొర్లుకుంటూ పోయి బండిగుర్రాల మూత్రం పారుతున్న కాలవలో పడ్డాయి.

ఆ గీత సంగతి ఆ ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. పాత పట్టణం చుట్టూ సమితివాళ్ళు పటం మీద గీసిన గీత అది. దాని లోపల కిటికీ రెక్క మార్చాలన్నా, తలుపుకి రంగు వెయ్యాలన్నా సమితి సెలవు కావాలి. గోడ మీద పగులు పడితే పది మంది పెద్దలు కూర్చుని చర్చిస్తారు. గోడలకి అంత మర్యాద. ఆ గోడల వెనక వంటలు చేసి, బట్టలు ఉతికి, మెట్లు తోమే మనుషుల మీద ఎన్ని పగుళ్ళు పడ్డాయో ఏ సమితీ కూర్చుని చర్చించలేదు.

ఆర్లీతా తివాచీ అక్కడే వదిలేసింది. పెద్ద మెట్లు దిగి, ముందుగది దాటి, వీధి తలుపు తీసుకుని బయటికి ఉరికింది. ఆ ఇంట్లో వంటమనిషిగా చేరిన నాటి నుంచి ఆ ముందు మెట్లు ఆమే తోముతోంది. వాటి మీదుగా దిగడం మాత్రం అదే మొదటిసారి. పనివాళ్ళ దారి పక్క గేటు.

ఆమె కాలవలో చెయ్యి పెట్టి బుట్టలు ఒక్కొక్కటే తీసి ఏప్రన్‌తో తుడవసాగింది.

"నీకెందుకే మధ్యలో?" అన్నాడు కాపలావాడు.

"నాకు కాకపోతే నీకా?"

వాడు అవ్వని రెక్క పట్టి లేపి వీధి చివరిదాకా తోసుకుపోయాడు. గీత అవతల వదిలి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆర్లీతా బుట్టలన్నీ ఒడిలో వేసుకుని వెనకాలే పరుగెత్తింది. పరుగులోనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు," అంది అవ్వ, నలిగిన టోపీ సర్దుకుంటూ. "గడ్డికంటింది కడిగితే పోతుంది. వాడి పెట్టెలో గుడ్డ ఉంది చూడు, దానికంటింది ఎంత కడిగినా పోదు."

ఆర్లీతా వెనక్కి వచ్చేసరికి ఆల్డ్రిడ్జ్ దొరసాని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇల్లు ఆమెది. సమితికి అధ్యక్షురాలూ ఆమే. వీధిలో జరిగిందంతా చూసే ఉంటుంది.

"ఆర్లీతా, ముందు తలుపులోంచి వెళ్ళావా?" అని అడిగింది.

అంతే అడిగింది. అవ్వ మాట ఎత్తలేదు.

*

సాయంత్రం దొరసాని తనే వంటింట్లోకి వచ్చింది. ఆ ఇంటి దొరసాని వంటింట్లోకి వచ్చిందంటే పిడుగు పడబోతున్నట్టే లెక్క.

"నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు," అంది మెత్తగా. "ఎవర్నీ అవమానించడం లేదు. ఇది చరిత్ర. ఉన్నది ఉన్నట్టు చూపించాలి."

"ఏది ఉన్నట్టు అమ్మగారూ?"

"ఈసారి మీ వెనకిల్లు కూడా తెరుస్తున్నాం. అందరూ అదే చూడాలనుకుంటున్నారు. ఆ రెండు వారాలూ మీ మంచం, టీవీ, ఫ్యానూ ఎక్కడైనా సర్దుకోండి. మొక్కజొన్న పొట్టు పరుపు వేయిస్తాను. నువ్వు పొయ్యి దగ్గర కూచుని కుండ కలుపుతూ ఉంటే చాలు. మీ ఆడపిల్లలిద్దరూ నీ పక్కన కూచుంటే ఇంకా ముచ్చటగా ఉంటుంది."

ఆర్లీతా చేతిలోని బెండకాయ కింద పెట్టేసింది.

ఆ వెనకిల్లంటే పెరటి చివరి ఇటుక కొట్టు. ఒకప్పుడు ఆ ఇంటి బానిసలు వండి, అందులోనే పడుకునేవారు. ఇప్పుడు ఆర్లీతా, ఆమె మొగుడు ఒబడయా, ఇద్దరు ఆడపిల్లలూ ఉంటున్నారు. జీతంలో అద్దె విరుగుతుంది. దొరసానికి కోపం వస్తే ఒక్కరోజులోనే పనీ పోతుంది, పైకప్పూ పోతుంది. ఆ సంగతి ఆమె పైకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎన్నడూ లేదు.

"ఆలోచించి చెబుతాను అమ్మగారూ," అంది ఆర్లీతా.

"ఆలోచించడానికేముంది?" అని దొరసాని నవ్వుతూ వెళ్ళిపోయింది.

పక్కింటి పనిమనిషి లవీనియా గోడ మీదుగా తల పెట్టింది. ఆమెకి నోటి దురుసు ఎక్కువ, భయం తక్కువ.

"మీకూ వచ్చిందా పెట్టె?"

"వచ్చింది."

"మా దొరసాని నన్ను పెరట్లో నిలబడి పాటలు పాడమందే. నేను నోరు తెరిస్తే చర్చిలో సొంత చుట్టాలే లేచి వెళ్ళిపోతారు. టికెట్టు కొనుక్కుని వచ్చిన వాళ్ళు ఏమైపోవాలి?" ఆమె ఒక్కత్తే నవ్వి, వెంటనే ఆపేసింది. "అక్కా, డోర్కస్ అవ్వని రెక్క పట్టి లాగాడంట కదా."

"నా కళ్ళ ముందే."

"మరి ఏం చేద్దాం?"

గీత లోపల ఎన్నో తరాలుగా గోడల మీదుగా ఎన్నో మాటలు నడిచాయి. దొరల గుట్లు, పిల్లల జ్వరాలు, అరువు పంచదార. "ఏం చేద్దాం" అన్న మాట మాత్రం ఆ సాయంత్రమే గోడ దాటింది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక మౌంట్ నీబో చర్చి కింది హాలు కిటకిటలాడింది. ఎర్ర అన్నం, రొయ్యలు వేసిన బెండకాయ పులుసు తెచ్చి బల్ల మీద పెట్టారు కానీ ఎవరూ గరిట ముట్టుకోలేదు. వంటమనుషులు, పనిమనుషులు, తోటమాలీలు, బుట్టలు కుట్టేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, హోటళ్ళలో పక్కలు వేసే ఆడవాళ్ళు, కాలేజీ చదువుల పిల్లలు కొందరు. గీత లోపల చెమటోడ్చే వాళ్ళంతా ఒకచోట కూడడం అదే తొలిసారి.

గ్రిమ్‌బాల్ పాస్టరు ముందుగా లేచాడు. మంచివాడు, జాగ్రత్తపరుడు.

"తొందరపడొద్దు. మర్యాదగా ఒక అర్జీ రాద్దాం. సమితిలో దయగలవాళ్ళూ ఉన్నారు."

"దయకేం కొదవ అయ్యగారూ," అంది లవీనియా. "ఆ దయతోనే కదా కొత్త పావడాలు కుట్టించారు."

హాలంతా గొల్లుమంది. ఆర్లీతా తమ్ముడు లూషస్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. జనాన్ని గుర్రబ్బండి మీద తిప్పి ఇళ్ళు చూపించడం అతని పని. సిపాయిగా వెళ్ళి, దూరదేశపు యుద్ధం నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

"నాకూ వేషం ఇచ్చారు. పొడుగు కోటు, పూసల టోపీ. చెప్పాల్సిన మాటలు కూడా ఇచ్చారు. 'ఈ ఇంటి బానిసల్ని బిడ్డల్లా చూసుకునేవారు' అని ప్రతి గేటు దగ్గరా బండి ఆపి చెప్పాలంట. వాళ్ళ యుద్ధం కోసం ఒక వేషం వేశారు, వేసుకున్నాను. ఇది మాత్రం నా ఒంటికి ఎక్కదు."

వెనక నుంచి ఒబడయా లేచాడు. గోడలకి సున్నం పూత పూసే మేస్త్రీ. చేతుల పగుళ్ళలో సున్నం ఎప్పటికీ పోదు.

"నా మాట చేదుగా ఉంటది, అయినా చెప్తా. నా పనంతా గీత లోపలే. సమితి తల ఊపితేనే నాకు పరంజా ఎక్కే హక్కు. రేపు పని పోతే మీలో ఎవరు పెడతారు నా పిల్లలకి కూడు? గుడ్డముక్క. రెండు వారాలు. కట్టుకుని విప్పేస్తే పోయేదేముంది?"

"గుడ్డముక్కే కదా, నువ్వే కట్టుకో బావా," అంది లవీనియా.

"కట్టుకుంటా. నా బిడ్డల కడుపు నిండుతుందంటే పావడా కూడా కట్టుకుంటా. నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ హాల్లో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు బిడ్డల కోసం ఏదో ఒక గుడ్డ కట్టుకున్నవాళ్ళే. ఆర్లీతా మొగుడి ముఖం చూసి తల దించుకుంది. అతని మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. 

అప్పుడు డోర్కస్ అవ్వ మాట్లాడింది. లేవలేదు, కూర్చునే మాట్లాడింది.

"ఎండకి నేనూ తలకి గుడ్డ కట్టుకుంటాను అబ్బాయ్. అది నా గుడ్డ. పొద్దు గుంకితే నేనే విప్పేస్తాను. మా అమ్మమ్మకి దొర కట్టించిన గుడ్డ ఉండేది. విప్పితే కొరడా. స్వేచ్ఛ వచ్చిందని కబురందిన పూట ఆవిడ వీధి మధ్యన నిలబడి దాన్ని విప్పి, దాంతోనే చెప్పులు తుడుచుకుని నడిచిపోయిందంట. మళ్ళీ ఆ గుడ్డ నా నెత్తికెక్కించాలంటే ముందు ఆవిడ దగ్గరికెళ్ళి అడగమను. రెండు వారాలంటున్నావు. వాళ్ళ తాతలు కూడా మొదట కొన్నాళ్ళే అని ఉంటారు."

ఒబడయా కూర్చున్నాడు.

"అయితే ఎవరం పనిలోకి పోవద్దు. ఇంట్లో కూచుందాం," అని ఒకరన్నారు. "బండ్లు ఆపేద్దాం" అని ఇంకొకరు. "మనం ఆపితే పక్క దీవుల నుంచి వేరేవాళ్ళని తెస్తారు" అని మరొకరు. మాటలు పెరిగాయి. బల్లలు చరిచారు. ఎవరి గొంతూ ఎవరికీ వినబడలేదు.

ఆర్లీతాకి సభలో మాట్లాడే అలవాటు లేదు. అయినా లేచింది.

"ఇంట్లో కూచుంటే మనం లేమన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?" అంది. "మనం కనబడకుండా పనిచెయ్యడమే కదా ఇన్నాళ్ళూ వాళ్ళకి కావాల్సింది. అందుకే మనం రావాలి. అందరం. వాళ్ళిచ్చిన బట్టల్లో కాదు, చర్చికొచ్చే బట్టల్లో. పక్క గేటు వైపు పోవద్దు. ముందు మెట్ల మీద కూచుందాం. ప్రతి ఇంటి ముందూ. ఆ మెట్లు రోజూ కడిగేది మనమే. ఒక్కరోజు కూచుంటే అరిగిపోతాయా?"

లూషస్ పెదాల మీద నవ్వు మొలిచింది. లవీనియా లేచి వెళ్ళి పులుసు గిన్నె మూత తీసింది.

"తినండి. కడుపు నిండితే కూచోడానికి ఓపిక ఉంటది," అంది.

*

ఆ తర్వాత కబురు వెనక గేటు నుంచి వెనక గేటుకి నడిచింది. అరువు తెచ్చుకున్న పంచదార గిన్నెతో, ఉతికిన దుప్పట్ల మూటతో, రొయ్యలమ్ముకునే వాడి కేకతో ఇల్లిల్లూ తిరిగింది. పెట్టెలు తెచ్చినవాళ్ళ దగ్గర అందరూ పెట్టెలు తీసుకున్నారు. కొలతలు చూసుకున్నారు. దొరసానులు ఊపిరి పీల్చుకున్నారు. "చూశారా, మంచిగా చెబితే వింటారు" అని టీ తాగుతూ చెప్పుకున్నారు.

ఆర్లీతా పిల్లలిద్దర్నీ దీవిలో ఉన్న తన తల్లి దగ్గరికి పంపేసింది. ఉత్సవానికి ముందురోజు సమితి మనుషులు వచ్చి వెనకిల్లు ఖాళీ చేయించారు. ఒబడయా తన మంచం తనే విప్పి మోసుకెళ్ళాడు. టీవీ తనే ఎత్తుకున్నాడు. ఆ చోట పొట్టు పరుపు, ఇనప కుండ, చీపురుకట్ట పెట్టారు. పెళ్ళినాటి ఫోటో ఉన్న మేకుకి ఎవడో ఎండు మిరపకాయల దండ తగిలించాడు.

"రేపు నువ్వు మెట్ల మీద కూచుంటే," అన్నాడు ఒబడయా, "ఎల్లుండి మనం రోడ్డు మీద కూచుంటాం."

"ఇప్పుడెక్కడ కూచున్నాం? ఇది నీ ఇల్లేనా? నువ్వే చూడు."

అతను చూడలేదు. రేపు పొద్దున ఆ ఇంటి పక్కగోడకి పూత మిగిలి ఉందని, పనికి వెళ్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

*

ఉత్సవం తెల్లవారింది. అజేలియాలు విరగబూశాయి. గడియారపు గంట మోగేసరికి బార్తలోమ్యూ వీధిలోకి జనం రావడం మొదలుపెట్టారు, చూడ్డానికి వచ్చేవాళ్ళు కాదు.

మగవాళ్ళు ఇస్త్రీ కోట్లలో, ఆడవాళ్ళు పూలటోపీల్లో, చేతికి తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, ఈస్టరు పండక్కి వెళ్తున్నట్టు నడిచి వచ్చారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ కేక వెయ్యలేదు. ఒక్కో ఇంటి ముందు కొందరు ఆగి, రుమాలు పరుచుకుని మెట్ల మీద కూర్చున్నారు. కాసేపట్లో ఆ వీధిలో మనిషి లేని మెట్టు లేదు. లూషస్ గుర్రాన్ని విప్పి నీళ్ళు పెట్టి, ఖాళీ బండిని వీధికి అడ్డంగా నిలిపి, తనూ వచ్చి కూర్చున్నాడు. ఆల్డ్రిడ్జ్ ఇంటి మెట్ల మీద, నడిమధ్యన డోర్కస్ అవ్వ. ఒళ్ళో తీపిగడ్డి. పక్కన ఆర్లీతా, లవీనియా.

టికెట్లు కొనుక్కున్న జనం వచ్చారు. మెట్ల దగ్గర ఆగిపోయారు. నీలం గౌనేసుకున్న ఒకావిడ మెల్లగా వంగి, "మీరు కూడా ప్రదర్శనలో భాగమేనా?" అని అడిగింది.

"కాదండీ," అంది ఆర్లీతా. "ప్రదర్శన ఇవాళ్టితో ఆగిపోయింది."

"అయినా ఇల్లు చూడాలంటే నేను చూపిస్తాను," అంది లవీనియా. "బయట్నుంచే. ఎందుకంటే నన్నూ ఎప్పుడూ ముందు నుంచి లోపలికి రానివ్వలేదు. ఆ స్తంభాలున్నాయి చూశారా, దొరగారి ముత్తాత కట్టించాడని పుస్తకంలో రాశారు. కట్టించాడు, నిజమే. కట్టిందెవరో రాయడం మర్చిపోయారు. ఈ అవ్వగారి తాత ఒకడు."

నీలం గౌనావిడ టికెట్టు వైపు చూసుకుంది, అవ్వ వైపు చూసింది. కొందరు విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం ఎదుటి గోడ నీడలో నిలబడిపోయింది.

తలుపు తెరుచుకుంది. దొరసాని గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. ఆ రోజూ తగ్గించే మాట్లాడింది.

"ఆర్లీతా, వీళ్ళందర్నీ తీసుకుని వెళ్ళిపో. ఇప్పుడే వెళ్తే జరిగింది మర్చిపోతాను."

"మేము మర్చిపోం అమ్మగారూ."

దొరసాని తలుపు వేసుకుని లోపలికి పోయింది. పోలీసులకి ఫోను చేసింది. తర్వాత పక్కగోడ దగ్గర పరంజా మీదున్న ఒబడయాని పిలిపించింది. అతను ముందుగదిలో, పాలరాతి నేల మీద, బూట్లకి సున్నంతో నిలబడ్డాడు.

"నీ భార్యని లేపి తీసుకెళ్ళు. నువ్వు తెలివైనవాడివి. నీ చేతిపనంటే సమితికి గౌరవం. ఆ పిల్లలేరీ? వాళ్ళ గౌన్లు పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాయి. కనీసం వాళ్ళనైనా తీసుకొచ్చి వెనకింట్లో కూచోబెట్టు, వచ్చినవాళ్ళు ఖాళీగా పోకుండా."

"ఏ గౌన్లమ్మా?"

"పరుపు మీద పెట్టించాను, చూడు."

ఒబడయా పెరట్లోకి నడిచాడు. తలుపు తోశాడు. పొట్టు పరుపు మీద రెండు గోనెగుడ్డ గౌన్లు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి పెద్దదానికి, ఒకటి చిన్నదానికి. సరిగ్గా వాళ్ళ కొలతే. అంచులు పాతగా కనబడాలని ఎవరో కత్తిరించి చింపారు. మోకాళ్ళ దగ్గర మసి పూశారు.

చిన్న గౌను మోకాలి మసి అతను వేలితో రుద్ది చూశాడు. తర్వాత రెండూ చేతికి తీసుకున్నాడు. పెరటి గేటు వైపు వెళ్ళలేదు. మళ్ళీ ఇంట్లోకి వచ్చి, పాలరాతి నేల మీద సున్నం అడుగులు వేసుకుంటూ, దొరసాని పక్కనుంచి నడిచి, వీధి తలుపు బార్లా తెరిచాడు.

తలుపు చప్పుడికి ఆర్లీతా వెనక్కి తిరిగింది. మొగుణ్ణి చూడగానే ఆమె దవడ బిగుసుకుంది. "నన్ను లేపడానికొచ్చావా?"

"జరుగు," అన్నాడు ఒబడయా. "చోటియ్యి."

ఆమె జరిగింది. అతను కూర్చుని, ఆ రెండు గౌన్లూ కింది మెట్టు మీద, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేలా పరిచాడు.

"ఇవేంటి?" అంది నీలం గౌనావిడ.

"నా కూతుళ్ళకి కుట్టించారు," అన్నాడు అతను. "ఒకత్తికి తొమ్మిదేళ్ళు. ఇంకొకత్తికి ఆరు. ముచ్చటగా ఉంటుందంట."

ఆవిడ తన టికెట్టుని రెండుగా చింపి చేతిలోనే నలిపేసింది. చింపినందుకు వీధిలో ఏమీ మారలేదు. అయినా చింపింది.

*

పోలీసులు వచ్చారు. వాళ్ళ అధికారి గొట్టంలోంచి అరిచాడు. దారికి అడ్డం, శాంతికి భంగం, అయిదు నిమిషాలు. మెట్ల మీద ఎవరూ కదల్లేదు. అప్పుడు చేతులు పట్టి ఈడవడం మొదలైంది. పూలటోపీలు దొర్లాయి. లూషస్‌ని నలుగురు కింద పడేసి మోకాలితో నడుం తొక్కారు. అతను చెయ్యి ఎత్తలేదు, నోరు మాత్రం మూయలేదు. "మెల్లగా తియ్యండ్రా, మెట్లు పాతవి, సమితి కోప్పడుద్ది," అన్నాడు.

డోర్కస్ అవ్వని ఇద్దరు పోలీసులు కూర్చున్నది కూర్చున్నట్టే ఎత్తారు. ఒళ్ళో బుట్ట అలాగే ఉంది.

"జాగ్రత్త నాయనా," అంది. "గడ్డి చెదిరితే మళ్ళీ మొదటికొస్తుంది."

వ్యానులు నిండిపోయాయి. ఇంకా సగం వీధి మిగిలే ఉంది. చేసేది లేక జనాన్ని తిప్పే బస్సునే తెప్పించారు. 'మన అందాల పాత పట్టణం చూద్దాం రండి' అని దాని ఒంటి మీద పెద్ద అక్షరాలు.

"టికెట్టు లేకుండా దీన్లో ఎక్కడం ఇదే మొదలు," అంది లవీనియా మెట్టెక్కుతూ. చిరిగిన చేతి నుంచి రక్తం కారుతూనే ఉంది.

ఆర్లీతా కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. మేడమీది వరండాలో దొరసాని నిలబడి ఉంది. కింద ఖాళీ మెట్ల మీద రెండు గోనెగౌన్లు, ఒక తెల్ల గ్లవ్ పడి ఉన్నాయి. ఇల్లు మాత్రం ఎప్పటిలాగే అందంగా ఉంది.

*

మర్నాడు పొద్దున అందర్నీ కోర్టు హాల్లోకి తెచ్చారు. బెంచీలు చాలక గోడల వెంట నిలబెట్టారు. రాత్రంతా కటకటాల్లో నిద్ర లేదు. ఆర్లీతా వస్తువులు వీధిలో పడేశారని, ఒబడయా పరంజా పీకేశారని కబురు అప్పటికే అందింది.

న్యాయాధికారి నెరిసిన జుట్టు పెద్దమనిషి. చూపులో అలసట, గొంతులో దయ.

"మిమ్మల్ని జైల్లో పెట్టాలని ఎవరికీ లేదు. పాత పట్టణం గీత లోపల మళ్ళీ అడుగుపెట్టబోమని ఒక్క సంతకం పెట్టి ఇళ్ళకి వెళ్ళండి. ముందు మీరు, పెద్దావిడ."

డోర్కస్ అవ్వ ముందుకొచ్చింది.

"నేను పుట్టింది ఆ గీత లోపలే బాబూ. ఒక వంటకొట్టు నేల మీద. అప్పటికి మీ గీత లేదు. అక్కడికి రానని రాసివ్వడమంటే అసలు పుట్టలేదని రాసివ్వడమే. ఈ వయసులో అంత అబద్ధం ఎలా చెప్పను?"

"అయితే జైలుకే."

"అలాగే. బుట్ట సగంలో ఉంది. నా గడ్డి నాకిప్పించండి."

న్యాయాధికారి ముఖం ఎర్రబడింది. ఒబడయాని పిలిచాడు. "నువ్వు చేతిపని తెలిసినవాడివి. సంతకం పెడితే ఇంకో ఊళ్ళోనైనా పని దొరుకుతుంది. లేకపోతే అదీ ఉండదు."

"నా పనంతా ఆ గోడల మీదే ఉందండీ," అన్నాడు ఒబడయా. "గోడల్ని ఆ ఊరు పంపించండి, నేనూ వెళ్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. బల్ల మీద సుత్తి మోగింది. ఆర్లీతా వంతు వచ్చింది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయని రాత్రంతా అనుకుంది. తీరా నిలబడ్డాక ఒక్కటే మిగిలింది.

"నాకు ఇప్పుడు ఇల్లు లేదు, పని లేదు. ఇంక మీరు నా దగ్గర తీసుకోడానికేం మిగల్లేదు. కాబట్టి నేనే ఒకటి అడుగుతాను. మా మూల అవ్వకి తిరిగివ్వండి. వేషాలు తగలెయ్యండి. వెనకిళ్ళలో ఉండేవాళ్ళని మనుషుల్లా ఉండనివ్వండి. అప్పటిదాకా లేవం."

ఆ మాట అని, కోర్టు నేల మీద, అక్కడికక్కడే చతికిలబడి కూర్చుంది. ఒబడయా కూర్చున్నాడు. లవీనియా కూర్చుంది. నడుం పట్టేసిన లూషస్ గోడ పట్టుకుని మెల్లగా జారాడు. హాలంతా ఒక్కొక్కరే కూర్చున్నారు. చివరికి అక్కడ నిలబడి ఉన్నది పోలీసులు మాత్రమే.

"లేపండి వీళ్ళని," అన్నాడు న్యాయాధికారి.

"ఎక్కడ పెట్టాలండీ?" అన్నాడు పోలీసు అధికారి. "జైలు నిండిపోయింది."

అప్పుడే బయటి తలుపు తోసుకుని కోర్టు జవాను లోపలికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. న్యాయాధికారి బల్ల దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు.

"గట్టిగా చెప్పు."

"బయట కూడా కూచున్నారండీ. ఓడరేవు కూలీలు పని ఆపేసి వచ్చారు. ఆసుపత్రి ఆయాలు, కాలేజీ పిల్లలు, దీవుల నుంచి పడవల మీద బుట్టల వాళ్ళు. అందరికంటే ముందు ఆ గ్రిమ్‌బాల్ పాస్టరు."

"ఎంతమంది?"

"లెక్క తెలీడం లేదండీ," అన్నాడు జవాను. "మెట్లు కనబడడం లేదు."

న్యాయాధికారి కిటికీ వైపు చూశాడు. అక్కడి నుంచి పాట మొదలైంది, ముందు సన్నగా, తర్వాత గోడలు అదిరేలా. లోపల కూర్చున్నవాళ్ళు అందుకున్నారు. అందరికంటే పైకి, శ్రుతి తప్పి, లవీనియా గొంతు. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

ఆర్లీతా బిగుతుగా ఉన్న చర్చి బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. ఇంకా చాలాసేపు కూర్చోవాల్సి ఉంది.